పెద్దాయన బండి ఆగే చోటు

పోయిన ఆదివారం మా అమ్మాయి వీడియో కాల్ చేసి, కొత్తగా కొనుక్కున్న ఇంటి వెనక యార్డ్‌లో గడ్డి కోస్తున్న యంత్రాన్ని చూపించింది. యంత్రం అంటే మీరూ నేనూ ఎరిగిన యంత్రం కాదు. పెద్ద తాబేలంత ఉంది. సీటు లేదు, స్టీరింగు లేదు, చప్పుడు లేదు, అసలు మనిషే లేడు. దానంతటదే గడ్డిలో పడి తిరుగుతోంది, గులాబీ మొక్క దాకా వచ్చి ఎవరో చెవిలో చెప్పినట్టు పక్కకు తిరిగి వెళ్ళిపోతోంది. "చూశావా నాన్నా, నువ్వు శనివారాలన్నీ ఆ పాత బండి మీదే వేస్ట్ చేశావ్. ఇది నేను మీటింగ్‌లో ఉండగానే యార్డ్ మొత్తం కట్ చేసేస్తుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుల మధ్య, మా పాత బండి గురించి నవ్వుతూ నవ్వుతూనే ఇంకో మాట అంది. అది విన్నాక ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి, చెప్పులైనా వేసుకోకుండా వెనక షెడ్డులోకి వెళ్ళి ఆ బండి ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆ మాటేమిటో చివర్లో చెప్తాను. ఇప్పుడే చెబితే మీకందులో ఏమీ కనిపించదు, ఈ ముసలాయనకి చాదస్తం ముదిరిందనుకుంటారు.

ఇరవై మూడేళ్ళ కిందటి సంగతి. గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన కొత్తలో మా స్నేహితులంతా మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ చుట్టుపక్కల గోడకి గోడ ఆనుకున్న టౌన్‌హౌస్‌లు కొనుక్కుంటుంటే, నాకు మాత్రం నేల పిచ్చి పట్టింది. మా వంశంలో మూడు తరాలుగా ఎవరికీ సెంటు భూమి లేదు, అందరూ అద్దె ఇళ్ళలో పుట్టి అద్దె ఇళ్ళలో పోయినవాళ్ళే, బహుశా అందుకే కాబోలు. ఎడిసన్‌కి నలభై నిమిషాల దూరంలో, ఎకరంన్నర స్థలంలో, పాత చెక్క ఇల్లు ఒకటి దొరికింది. ఇల్లు చూడ్డానికొచ్చిన స్నేహితుల భార్యలు మా ఆవిణ్ణి "ఏం వదినా, ఇంత దూరం వచ్చి అడవిలో కాపురం పెట్టారు?" అని ఆటపట్టించారు. ఆవిడ వాళ్ళ ముందు నవ్వేసి, వాళ్ళ కారు మలుపు తిరగ్గానే నా మీద విరుచుకుపడింది. నేను విననట్టు యార్డ్ వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంటి వెనక డెక్ అని చెక్కతో కట్టిన వసారా, దాని మెట్లు దిగితే గడ్డి, ఎడమ చేతి వైపు దూరంగా మెట్ట, ఆ మెట్ట మీంచి మెట్ల దాకా చాప పరిచినట్టు వాలుగా దిగి వచ్చే పచ్చిక, మధ్యలో ఒకే ఒక్క మేపుల్ చెట్టు. అంత నేలా నాదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఇల్లు మాకు అమ్మినావిడ ఒక తెల్లావిడ, అప్పటికి డెబ్భై దాటి ఉంటాయి. ఆ వసంతంలోనే వాళ్ళాయన పోయారు. పెద్దిల్లు ఒక్కతీ చూసుకోలేక మాకు అమ్మేసి, అదే స్థలం చివర అమ్మకుండా తనకే ఉంచుకున్న, ఒకప్పుడు వాళ్ళత్తగారి కోసం కట్టించిన రెండు గదుల చిన్నింటిలోకి మారిపోయారు. ఆ చిన్నింటి వంటగది కిటికీలోంచి మా వెనక యార్డ్ అంతా కనిపిస్తుంది. తాళాలు ఇచ్చిన రోజే నన్ను షెడ్డు దగ్గరకు తీసుకెళ్ళి, వాళ్ళాయన వాడిన రైడింగ్ మోవర్ చూపించి, ఇది కూడా మీరే ఉంచుకోండి, నేను నడపలేను, పారెయ్యడానికి మనసు రావడం లేదు అన్నారు. ఒకప్పుడు ఎర్రరంగు. ఎండకి వెలిసి ఇటుక పొడి రంగుకొచ్చింది. ఎక్కి కూర్చుని కారులా నడుపుకుంటూ పోతే కింద బ్లేడ్లు గడ్డి కోసుకుపోయే బండి అది. దాని సీటు మాత్రం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. పన్నెండేళ్ళపాటు ఒకే మనిషి, భారీ మనిషి, కాస్త ఎడమకి ఒరిగి కూర్చునే మనిషి కూర్చోగా కూర్చోగా, ఆయన ఒంటి ఆకారమే అందులో దిగబడిపోయింది. ఖాళీ సీటులా ఉండేది కాదది. ఆయన ఇప్పుడే లేచి మంచినీళ్ళకి వెళ్ళినట్టు ఉండేది.

పోయినవాళ్ళ బండి అలా ఎక్కడానికి వీల్లేదని మా ఆవిడ పట్టుబట్టింది. ముందు కడిగించింది, పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. కిటికీలోంచి చూసిన పెద్దావిడ కర్ర పట్టుకుని నడిచొచ్చి ఇదంతా ఎందుకని అడిగితే, బండి మమ్మల్ని తన మనుషులనుకోవడానికి అని మా ఆవిడ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. మంచి పని చేశారు, దీనికి కొంచెం మొండితనం ఎక్కువ అన్నారావిడ.

నాకా, కీబోర్డు తప్ప పానా పట్టడం తెలియదు. నాకు ఆ పని నేర్పింది ఆ పోయినాయనే అంటే మీరు నమ్మాలి. బానెట్ ఎత్తితే లోపలి వైపు నల్ల మార్కర్‌తో ఆయన తన దస్తూరీలో వరసగా రాసుకున్నారు. ఏ నెలలో ఆయిల్ మార్చారో, ఎప్పుడు బ్లేడ్లు సాన పట్టారో, బెల్టు ఎప్పుడు బిగించారో, స్పార్క్ ప్లగ్గు ఎప్పుడు శుభ్రం చేశారో, మంచు పడేలోగా ట్యాంకులో పెట్రోలు ఖాళీ చెయ్యాలనీ, బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టాలనీ, అంతా. నేను ఆ మనిషిని ఒక్కసారైనా చూడలేదు, ఫోటో కూడా చూడలేదు. కానీ ఆ అక్షరాలు చదువుకుంటూ ఆయన చెయ్యి పెట్టిన చోటల్లా నేనూ చెయ్యి పెడుతుంటే, పక్కన ఎవరో నిలబడి నేను చేసేది చూస్తున్నట్టే ఉండేది. ఒకసారి బోల్టు తప్పు వైపు తిప్పుతూ, ఎందుకో తెలియదు, వెనక్కి తిరిగి "సారీ" అన్నాను. షెడ్డులో ఎవరూ లేరు.

ఆ బండితో వచ్చిన చిక్కల్లా ఒకటే. సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి కూర్చుంటే నొక్కుకుంటుంది, లేస్తే వదులుతుంది, వదిలిన మరుక్షణం ఇంజన్ ఆగిపోతుంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి కింద పడితే ప్రమాదం జరక్కుండా పెట్టిన ఏర్పాటు. పెద్దాయన నాకు రెట్టింపు మనిషి. నేనప్పుడు గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాణ్ణి. ఆయన బరువుకి అలవాటు పడ్డ స్ప్రింగు నా బరువుని లెక్కలోకే తీసుకునేది కాదు. చిన్న ఎగుడుదిగుడు వస్తే చాలు, టప్‌మని ఆగిపోయేది, అంటే నేను ఎక్కి కూర్చున్నట్టే బండికి అనిపించలేదన్నమాట! ఎక్కడ ఆగినా ఆగకపోయినా, ఒక్కచోట మాత్రం తప్పకుండా ఆగేది. వాలు కిందికి వచ్చాక, మేపుల్ చెట్టు దాటి నాలుగడుగులు, సరిగ్గా పెద్దావిడ వంటగది కిటికీకి ఎదురుగా. నెమ్మదిగా పోయినా అక్కడే, వేగంగా పోయినా అక్కడే, ఇటు నుంచి వచ్చినా అటు నుంచి వచ్చినా అక్కడే. వైర్లన్నీ విప్పి చూశాను, ఏ లోపమూ కనపడలేదు. కిందికి వంగి నేల చూశాను, గడ్డి దట్టంగా ఉంది, ఏమీ తెలియలేదు.

మూడో శనివారం అక్కడ ఆగి తంటాలు పడుతుంటే పెద్దావిడ గుమ్మంలోకి వచ్చారు. మా ఆవిడ అమ్మాయిని ఎత్తుకుని నా పక్కనే ఉంది. అయితే మీకు కూడా ఆగుతోందా అని అడిగారావిడ, ముఖమంతా వెలిగిపోతుండగా. మా ఆయన ప్రతిసారీ అక్కడే ఆపేవారు, టోపీ తీసి ఇలా పైకెత్తేవారు, నేనప్పుడు పెద్దింటి వంటగది కిటికీలోంచి గిన్నెలు తుడిచే గుడ్డ ఊపేదాన్ని, పన్నెండేళ్ళలో ఒక్క వారం మానలేదు, బండికీ అలవాటైపోయినట్టుంది పాపం అన్నారు. అంతా చెప్పి చాలా తృప్తిగా లోపలికి వెళ్ళిపోయారు. ఆగస్టు ఎండలో నా ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ అమ్మాయిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ప్రతి శనివారం బండి అక్కడ ఆగడం, కిటికీలో గుడ్డ ఊగడం, నేను ఏం చెయ్యాలో తోచక చెయ్యి ఊపడం మామూలైపోయింది.

ఎన్నాళ్ళని భరిస్తాను చెప్పండి? గంట పని మూడు గంటలు పట్టేది. మన ఇంజనీరు బుర్ర ఊరుకుంటుందా! స్విచ్చి స్ప్రింగు మార్చడమే అసలు మందు, అది తెలుసు. కానీ దాన్ని వెతికి తెప్పించడమెందుకు, బరువు కావాలి అంతే కదా అనుకుని, ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్లో తెచ్చిన ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా తీసుకెళ్ళి సీటులో వెనక వైపు పెట్టి, మా ఆవిడ పాత నూలు చీర చింపిన పేలికతో సీటుకీ కింద ఇనప చట్రానికీ కలిపి బిగించి కట్టేశాను. ఇంక సీటు పైకి లేవదు, స్విచ్చి వదలదు. నేను ముందు సగంలో సర్దుకుని కూర్చునేవాణ్ణి. బస్తా దారాలు వీపుకి గుచ్చుకుంటున్నాయంటే మా ఆవిడ నా పాత నీలం గళ్ళ చొక్కా దానికి తొడిగి గుండీలు పెట్టింది. బాగానే ఉందనుకున్నాం. షెడ్డు బయట నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే, తల లేని మనిషి ఒకాయన చేతులు వేలాడేసుకుని సీటులో కూర్చున్నట్టుంది.

మా అమ్మాయికప్పుడు అయిదేళ్ళు. దానికా బస్తా తెగ నచ్చేసింది, దానికి అంకుల్ అని పేరు పెట్టింది. ప్రతి శనివారం డెక్ మెట్ల మీద కూర్చుని "హాయ్ అంకుల్" అని చెయ్యి ఊపేది. బండి షెడ్డులో పెట్టేటప్పుడు "బై అంకుల్" అని చెప్తే గాని తలుపు వెయ్యనిచ్చేది కాదు. నేను బండి నడుపుతుంటే వీపుకి ఆనుకుని ఆ బస్తా వెచ్చగా తగిలేది. ఎండకి వేడెక్కిందనుకునేవాణ్ణి. అక్టోబరు చలిలో కూడా వెచ్చగానే తగిలేది. మా కిటికీలోంచి చూస్తుంటే ముందు మీరూ వెనక మా ఆయనా కూర్చుని, ఆయన మీకు నేర్పుతున్నట్టుంది అన్నారొకసారి పెద్దావిడ. నేను పైకి నవ్వాను గాని, ఆ వారమంతా షెడ్డు వైపు పోబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. బస్తా కట్టిన మొదటి శనివారం బండి ఆ చోటు మీదుగా ఆగకుండా వెళ్ళిపోయింది. ఎంత సంబరపడ్డానో! సంబరంలో కిటికీ వైపు చూస్తే, పెద్దావిడ అప్పటికే గుడ్డ పట్టుకుని చెయ్యెత్తి ఉన్నారు. బండి ఆగలేదు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నేను చివరిదాకా వెళ్ళి తిరిగి వస్తున్నప్పుడు కూడా ఇంకా పైనే ఉంది. ఎవరింట్లోనో దొంగతనం చేసినట్టనిపించింది నాకు.

ఇక నా తప్పు చెప్తాను. మన వాళ్ళకి ఒక జబ్బుంది, మీకూ తెలుసు. ఏదో ఒక కిటుకు చేసి పని జరిగిపోతోందంటే దాని వైపు మళ్ళీ చూడం. స్విచ్చి ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది కాబట్టి నేను దిగినా ఇంజన్ ఆగదు, బ్లేడ్లు ఆగవు. ఇది నాకు తెలుసు. తెలిసి, పైగా సౌకర్యమనుకున్నాను. దారిలో కొమ్మ అడ్డం వస్తే దిగి తీసేసి మళ్ళీ ఎక్కొచ్చు కదా! బ్రేకు పట్టించే కొక్కెం అరిగిపోయి జారుతోందని కూడా తెలుసు. వచ్చే వారం చేద్దాం అనుకున్నాను. మూడు వారాలు అలాగే అనుకున్నాను.

అక్టోబరు నెలాఖరు శనివారం, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. ఆకులన్నీ రాలి తడిసి ఉన్నాయి. మెట్ట మీద పెద్ద కొమ్మ పడి ఉంటే, బండి న్యూట్రల్‌లో పెట్టి దిగి పదడుగులు నడిచాను. కొమ్మ లాగుతుంటే వెనక ఇంజన్ చప్పుడు దూరమవుతున్నట్టనిపించి తిరిగి చూశాను. బండి వాలు మీద దిగిపోతోంది. సీటులో నీలం గళ్ళ చొక్కా నిటారుగా కూర్చుని ఉంది, చేతులు గాలికి ఆడుతున్నాయి, స్టీరింగు ఎవరో పట్టుకున్నట్టు బండి ఎటూ చెదరకుండా తిన్నగా పోతోంది. అది పోతున్న వైపు, వాలు చివర, మా అమ్మాయి మెట్లు దిగి గడ్డిలోకి వచ్చి నిలబడి ఉంది. బండి నడుస్తున్నప్పుడు మెట్లు దిగకూడదని వెయ్యిసార్లు చెప్పాం. కానీ నాన్న లేకుండా అంకుల్ ఒక్కడే వస్తున్నాడు కదా, తన కోసమే వస్తున్నాడనుకుంది. చెయ్యి పైకెత్తి ఊపుతోంది.

నేను అరిచాను. ఇంజన్ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పరిగెత్తాను, తడి ఆకుల మీద కాలు జారి బోర్లా పడ్డాను. నేల మీద మొహం ఆనించి, కళ్ళు మూసుకోవడం కూడా చేతకాక చూస్తూ ఉండిపోయాను. బండి మేపుల్ చెట్టు దాటింది. ఒకటి, రెండు, మూడు, నాలుగడుగులు. ముందు చక్రం భూమిలోకి కుంగింది. బండి మొత్తం ఎడమకి ఒరిగింది. చీర పేలిక ముడి వీడింది, బస్తా మెల్లగా, తొందరేమీ లేనట్టు, పక్కకి జారి కింద పడింది. సీటు పైకి లేచింది, ఇంజన్ ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. బండికీ మా అమ్మాయికీ మధ్య నాలుగు బారల దూరం కూడా లేదు. అది ఇంకా చెయ్యెత్తే ఉంది. చిన్నింటి కిటికీలో పెద్దావిడ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడి ఉన్నారు.

ఎలా వెళ్ళానో తెలియదు, పిల్లని ఎత్తుకున్నాను. దానికి భయమే లేదు. నా మెడ చుట్టూ చేతులు వేసి "అంకుల్ దిగాడు నాన్నా" అంది. తర్వాత "అంకుల్ ఏం చేశాడంటే" అని ఇంకేదో చెప్పబోయింది. నేను దాని నోరు మూసేసి, "అంకుల్ లేడు, గింకుల్ లేడు, అది బియ్యం బస్తా! ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను" అని గట్టిగా కసిరాను. అంత గట్టిగా దాన్ని ఎప్పుడూ కసరలేదు. అది బిక్కమొహం వేసి ఏడ్చింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

బస్తా చిరిగి బియ్యమంతా ఆ గుంట చుట్టూ ఒలికిపోయింది. మేము చూస్తుండగానే కాకులొచ్చాయి. ఆ చుట్టుపక్కల అన్ని కాకులుంటాయని నాకు తెలియదు. మేపుల్ చెట్టు మీంచి దిగి, తొక్కిసలాట లేకుండా, బంతిలో కూర్చున్నట్టు వరసగా తింటున్నాయి. మా ఆవిడ పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని చాలాసేపు అటే చూసి, "ఆయనకి మనం పిండం పెట్టినట్టయిందండీ" అంది. ఆ గింజలు మేం ఎత్తలేదు.

సోమవారం తవ్వేవాళ్ళు వచ్చి బండి పైకి లాగి నేల తవ్వితే, కింద ఇటుకలతో కట్టిన పాతకాలం మురుగు గొయ్యి బయటపడింది. నిలువెత్తు మనిషి దిగితే కనిపించనంత లోతు. పైన కప్పిన దుంగలు పుచ్చిపోయి, మీద మట్టి ఏటికేడాది కొంచెం కొంచెం కుంగుతూ వచ్చింది. అప్పుడర్థమైంది నాకు అసలు రహస్యం. బండి ఆ మెత్తటి నేల మీదికి రాగానే ముందు భాగం దిగుతుంది, సీటు ఒక్క క్షణం పైకి లేస్తుంది, స్విచ్చి వదులుతుంది, ఇంజన్ ఆగుతుంది. నాకైనా అంతే, అంత భారీ పెద్దాయనకైనా అంతే. ఇందులో దయ్యమూ లేదు, అలవాటూ లేదు. నా గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

అదే సమయానికి పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చి గొయ్యిలోకి తొంగి చూశారు. ఆవిడకి దాని సంగతి తెలియదట, పెళ్ళయి వచ్చేటప్పటికే పూడ్చేసి ఉన్నారట. నేనున్నానే మహానుభావుణ్ణి, కొత్తగా లెక్క తేలిన ఉత్సాహంలో, నేలా చక్రమూ సీటూ స్విచ్చీ అన్నీ చేతులతో అభినయిస్తూ, ఏదో ఆఫీసులో బగ్ ఎక్కడుందో కనిపెట్టి చెప్పినట్టు ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. మా ఆవిడ వెనక నుంచి నా చొక్కా లాగుతోంది, నాకు తెలియలేదు. అంతా విని పెద్దావిడ, "అయితే ఇంజన్ ఆగిపోయేదన్నమాట" అన్నారు. ఇంకాసేపు గొయ్యిలోకే చూసి, చాలా మెల్లగా, "నా కోసం కాదన్నమాట" అన్నారు. అమ్మాయికి ఏమీ కానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోమని చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం చిన్నింటి వంటగది కిటికీకి తెర పడింది. మళ్ళీ తియ్యలేదు.

గొయ్యి కంకరతో పూడ్పించాను. స్ప్రింగు తెప్పించి మార్చాను, బ్రేకు కొక్కెం వేయించాను, బానెట్ లోపల పెద్దాయన రాతల కింద అదంతా నా చేత్తో రాసుకున్నాను. నేల రాయిలా గట్టిపడింది, బండి ఇక అక్కడ ఆగవలసిన అవసరం లేదు. అయినా నేను ప్రతి శనివారం అక్కడికి రాగానే కావాలనే ఆపి, తెర వేసిన ఆ కిటికీ వైపు చెయ్యి ఊపేవాణ్ణి. తెర కదిలేది కాదు. మా ఆవిడ పులిహోర పట్టుకెళ్తే గుమ్మంలో నిలబడి ఆప్యాయంగానే తీసుకునేవారు, మా అమ్మాయి వెళ్తే కుకీలు పెట్టి పంపేవారు. నా మీద కోపమేమీ లేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. మూడేళ్ళు గడిచాక వాళ్ళ చెల్లెలి తరఫువాళ్ళెవరో వచ్చి ఆవిణ్ణి వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళారు. ఆ తర్వాతి చలికాలం, పోయారని కార్డు వచ్చింది. ఆ కార్డు, బండితో పాటు ఆవిడ ఇచ్చిన పాత మాన్యువల్ పుస్తకంలోనే పెట్టుకున్నాను.

ఇంతకీ పోయిన ఆదివారం మా అమ్మాయి అన్న మాట. "దీంట్లో అంకుల్ లేడు నాన్నా" అని నవ్వింది. ఏ అంకుల్ అన్నాను. "అదే నాన్నా, రైస్ బ్యాగ్ అంకుల్. ఆ రోజు నేను చెప్తుంటే నువ్వు చెప్పనివ్వలేదు, గుర్తుందా? దిగే ముందు క్యాప్ తీసి ఇలా పైకెత్తాడు. నేను హాయ్ చెప్తూనే ఉన్నా, నావైపు అసలు చూడలేదు. చిన్నింటి ఆంటీ విండో వైపు ఎత్తాడు. నాకెంత కోపం వచ్చిందో అప్పుడు!"

బస్తాకి తల లేదు, టోపీ అసలే లేదు. అయిదేళ్ళ పిల్ల, ఏదో ఊహించుకుని ఉంటుంది. లేదా కుకీలు పెడుతూ పెద్దావిడే ఆ టోపీ కథ చెప్పి ఉంటారు, అది రెండూ కలిపేసుకుని ఉంటుంది. ఇలాంటివి నేను నాలుగు కారణాలు చెప్పగలను, నాకు కారణాలకి ఎప్పుడూ కొదవ లేదు. కానీ ఆ రోజు పిల్ల నోరు మూయకుండా దాని మాట దాన్ని చెప్పనిచ్చి ఉంటే? సోమవారం ఆ గొయ్యి పక్కన నా పాండిత్యం విన్న చెవులతోనే ఆవిడ ఈ ఒక్క మాట కూడా విని ఉంటే? పోనీ ఇదేదీ లేకపోయినా, ఇంజన్ ఆపింది గొయ్యి కావచ్చు, టోపీ తీసి ఎత్తింది మాత్రం ఆయనే కదమ్మా అని నాకప్పుడే తోచి ఉంటే? ఇరవై మూడేళ్ళకి తోచింది. ఎవరికి చెప్పను?

మన తరం వాళ్ళం యంత్రాలతో చాలా అవస్థలు పడ్డాం. తిట్టాం, తన్నాం, నిమ్మకాయలు తొక్కించాం, నూనె పోశాం, సారీ కూడా చెప్పాం. వాటికి మాత్రం తమ మీద మనిషి ఉన్నాడా లేడా అన్న పట్టింపు ఉండేది. ఇప్పుడు మా అమ్మాయి యార్డ్‌లో తిరిగేదానికి ఆ పట్టింపు లేదు. అది చాలా మంచిది, ఎవరికీ ప్రమాదం లేదు, కాదనను. అది మా కిటికీ ముందునుంచి వెళ్ళినా తలెత్తి చూడ్డానికి మాత్రం ఏమీ ఉండదు. చిన్నింటిలో ఇప్పుడెవరో అద్దెకుంటున్నారు, వాళ్ళ పేర్లు కూడా మాకు తెలియవు.

నిన్న శనివారం బండి తీశాను. ఈ మధ్య ఒళ్ళు చేశాను. సీటులో ఎడమ వైపు ఉన్న ఆ పల్లం నాకిప్పుడు సరిగ్గా సరిపోతోంది, బస్తా అక్కర్లేదు. మేపుల్ చెట్టు దాటి నాలుగడుగులు వచ్చాక తాళం తిప్పి ఇంజన్ ఆపి, నెత్తి మీది టోపీ తీసి ఆ కిటికీ వైపు పైకెత్తాను. "ఆయన మీ కోసమే ఆగేవారమ్మా" అన్నాను, పైకే అన్నాను. అటు తెర కదల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే, మా వంటింటి కిటికీలో మా ఆవిడ, చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డతో, పాలిపోయిన మొహంతో నన్నే చూస్తోంది. కాసేపు అలాగే నిలబడి, తర్వాత మెల్లగా ఆ గుడ్డ పైకెత్తి ఊపింది.